చేతిలో నాలుగు ముక్కలు, వాడుకునేవి రెండే

నమస్కారం అందరికీ. ఇవాళ కెమెరాను కిటికీ వైపు కాకుండా బల్ల వైపు తిప్పి పెట్టాను. చూపించాల్సిందంతా ఈ 52 ముక్కల్లోనే ఉంది.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో మాకు శనివారం సాయంత్రాలు గడిచేవి కావు. పై అంతస్తులో ఉండే అక్క, బావగారు పేకాటకు పిలవడం మొదలుపెట్టాక ఆ బెంగ తీరింది. డబ్బు పెట్టి ఆడము, ప్లాస్టిక్ చిప్‌లే. మొదట నేర్పింది టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ ఆట. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు తెరుస్తారు, అది ఫ్లాప్. ఆ తరువాత ఒకటి టర్న్, చివరిది రివర్. మొత్తం ఏడింటిలోంచి ఇష్టమొచ్చిన ఐదు తీసుకోవచ్చు. టెక్సస్‌లోని రాబ్‌స్‌టౌన్ ఈ ఆటకు పుట్టినిల్లని 2007లో ఆ రాష్ట్ర శాసనసభ గుర్తించింది. ఒక ఊరికి పేకాట వల్ల అలాంటి గౌరవం దక్కడం నాకు చాలా నచ్చింది.

పోయిన శనివారం అక్క ఒక్కొక్కరి ముందు రెండుకు బదులు నాలుగు ముక్కలు వేసింది. "ఇది ఒమాహా. బల్ల మీద ఐదూ మామూలే. కానీ నీ చేతిలోంచి సరిగ్గా రెండు, బల్ల మీది నుంచి సరిగ్గా మూడు. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. గుర్తుంటుంది కదమ్మా?" అంది. ఉంటుందన్నాను.

నాకు వచ్చిన ముక్కలివి: ఆఠీను ఆసు, కళావరు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమను నాలుగు. బల్ల మీద ఆఠీనులో రాణి, పది, ఏడు, మూడు పడ్డాయి. ఐదోది ఇస్పేటు రాజు. నాలుగు ఆఠీనులు బల్ల మీద, ఆసు నా చేతిలో! హోల్డెమ్‌లో ఇంతకు మించిన ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) ఉండదు. ధైర్యంగా చిప్‌లన్నీ ముందుకు తోశాను. బావగారు ఆఠీను ఐదు, ఆఠీను రెండు చూపించారు. అంత చిన్న ముక్కలతో ఆయన ఎలా గెలిచారో నాకు అర్థం కాలేదు.

అక్క నన్నేమీ అనలేదు. "ఇందులోంచి నీవి రెండు ముందుకు జరుపు" అంది. ఆసు జరిపాను. దాని పక్కన పెట్టడానికి రెండో ఆఠీను నా దగ్గర లేదు. బల్ల మీది నుంచి మూడే తీసుకోవాలి కాబట్టి నాలుగో ఆఠీను నాకు పనికిరాదు. నా దగ్గర నిజంగా ఉన్నది రాజుల జత మాత్రమే. బావగారి రెండు, బల్ల మీది మూడు కలిస్తే అసలైన ఫ్లష్. ముక్కల్ని అలా వేలితో జరిపి చూసినప్పుడు ఆ నియమం నాకు తలకెక్కింది.

అసలు ఈ 'సరిగ్గా రెండు' ఎక్కడి నుంచి వచ్చింది? తొలినాళ్ల ఒమాహాలో పంచేదే రెండు ముక్కలట, ఆ రెండూ తప్పకుండా వాడాలట. తరువాత చేతి ముక్కలు నాలుగయ్యాయి, నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. 1980లలో లాస్ వేగాస్‌లోని గోల్డెన్ నగెట్ క్యాసినో నుంచి ఈ ఆట పేరు తెచ్చుకుంది. ఈ సంగతి విన్నాక నియమం నాకు వింతగా అనిపించలేదు.

లెక్క కూడా చూడండి. హోల్డెమ్‌లో ఏడింటిలోంచి ఐదు ఎంచుకోవడానికి 21 దారులు. ఒమాహాలో చేతిలోని నాలుగింటి నుంచి 6 జతలు, బల్ల మీది ఐదింటి నుంచి 10 త్రయాలు, మొత్తం 60 దారులు. అందుకే అందరికీ పెద్ద చేతులు, అంటే బలమైన ఐదు ముక్కల కలయికలు పడతాయి, రెండు జతలు పడ్డాయని సంబరపడితే సరిపోదు. చేతిలో నాలుగు ఆసులూ వస్తే? అదీ సంబరపడాల్సిన సంగతి కాదు! రెండే పనికొస్తాయి, మిగతా రెండు దండగ. పైగా బల్ల మీదికి రావడానికి కట్టలో ఇంకో ఆసు మిగలదు. బల్ల మీద మూడు రాజులు, రెండు ఏడులు పడ్డాయనుకోండి. హోల్డెమ్‌లో అందరికీ ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, మరో అంకెవి రెండు) ఉన్నట్టే. ఇక్కడ మాత్రం చేతిలో జత ఉండాలి, లేదా నాలుగో రాజు ఉండాలి.

పందెం సంగతి త్వరగా చెప్పేస్తాను. దీన్ని ఎక్కువగా పాట్ లిమిట్‌లో ఆడతారు, అంటే పాట్‌లో (బల్ల మధ్య పోగైన పందెంలో) ఉన్నంత వరకే పెంచవచ్చు. పాట్‌లో 100 ఉండి, ఎదుటివారు 50 వేస్తే, ముందు మీ 50 లెక్కలోకి వస్తుంది, పాట్ 200 అవుతుంది. ఆపైన 200 వరకు పెంచవచ్చు. అంటే మీరు వేయగలిగేది గరిష్ఠంగా 250.

మూడో గంటలో హై-లో మొదలైంది. నాకు ప్రాణం లేచి వచ్చిన ఆట ఇది. పాట్‌లో సగం పెద్ద చేతికి, సగం చిన్న చేతికి. చిన్న చేయి అంటే ఎనిమిది, అంతకంటే తక్కువ ఉన్న ఐదు వేర్వేరు అంకెలు. ఇక్కడ ఆసు ఒకటిగా లెక్క. బల్ల మీద అలాంటివి కనీసం మూడు వేర్వేరుగా లేకపోతే చిన్న చేయి ఎవరికీ ఉండదు, పాట్ మొత్తం పెద్ద చేతిదే. పెద్దదానికి చేతిలోంచి ఏవో రెండు ముక్కలు, చిన్నదానికి మరో రెండు వాడుకోవచ్చు. ఒకే చిన్న చేయి ఇద్దరికి పడితే ఆ సగం మళ్లీ సగమై పావు వంతే దక్కుతుంది.

చివరి పంపకంలో నాకు ఆసు, రెండు, ఇద్దరు రాజులు వచ్చాయి. బల్ల మీద ఎనిమిది, ఆరు, మూడు, రాజు, తొమ్మిది. ఏ గుర్తూ మూడుసార్లు పడలేదు కాబట్టి ఫ్లష్ భయం లేదు. ఈసారి తొందరపడలేదు. ముందు రాజుల్ని జరిపి చూశాను: మూడు రాజులు. వాటిని వెనక్కి తీసుకుని ఆసునూ రెండునూ జరిపాను: ఎనిమిది, ఆరు, మూడు, రెండు, ఆసు. ఆ బల్ల మీద అంతకంటే మంచి చిన్న చేయి ఎవరికీ పడదు.

అక్క తన పదినీ ఏడునూ తెరిచింది. ఆరు నుంచి పది వరకు వరుస! పెద్ద సగం తనకు, చిన్న సగం నాకు. చిప్‌లను రెండు కుప్పలుగా చేసి, ఒకటి నా వైపు నెట్టి, "మళ్లీ పంచనా?" అంది. పంచమన్నాను.