గుర్రం తల ఎక్కడుంది?

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో లంకల నుంచి రేవు దాటి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే భోజనాలు చల్లారిపోతాయి, క్షమించాలి. ఏప్రిల్ ఆఖరి శనివారం, ప్రపంచ పశువైద్య దినం కదా, గేదెల పొదుగువాపు మీద మాట్లాడమన్నారు. అది నాకంటే మీకే బాగా తెలుసు. నేను గుర్రం కంటిలో ఒత్తిడి కొలవడం గురించి చెబుతాను. నవ్వకండి! కోనసీమలో గుర్రమంటే కాటన్ దొర విగ్రహం కిందదొక్కటేనా? ఊరేగింపు గుర్రాలు లేవూ?

అలాంటి గుర్రాన్నే ఒకాయన నా దగ్గరికి తోలుకొచ్చాడు. ఎడమ కన్ను మూసుకుపోయి ధారగా నీరు. అప్పటికి నా చేతికి టోనోమీటరు, అదే కంటి ఒత్తిడి కొలిచే పరికరం, కొత్త. ఇద్దరు మనుషులు మూతికి తాడు బిగించి తల కిందికి లాగి పట్టుకున్నారు. నేను రెప్పలు బలవంతంగా విప్పి కొలిచాను. 38. "నీటికాసులండీ, చూపు పోతుంది" అనేశాను. ఆయన ఒక్క మాట అడగలేదు. "ఆయ్, అలాగేనండి" అని వెళ్లి, ఆ వారంలోనే సగం ధరకి అమ్మేశాడు.

కొన్నవాళ్లు ఇంకో డాక్టరుకి చూపించారు. ఆ కుర్రాడు కంటి లోపలి మూలనుండే మూడో రెప్ప కింద చూస్తే ఊక! వడ్ల ఊక. తీసేసి, నయమయ్యాక తల నిలబెట్టి కొలిస్తే 22.

మామూలు గుర్రానికి 15 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది, పరికరాన్ని బట్టి కాస్త అటూఇటూ. రీబౌండ్ రకం టోనోమీటరులో సన్నటి పుల్ల కనుపొరను తాకి వెనక్కి ఎగురుతుంది. ఆరుసార్లు తాకించి సగటు చూపిస్తుంది, తిమ్మిరి చుక్కలు అక్కర్లేదు. టోనోపెన్ అనే ఇంకో రకానికైతే చుక్కలు వేయాలి. ఆ సంగతులు డబ్బాలోని కాగితం చెబుతుంది. తల సంగతి చూసుకోవాల్సింది మనమే.

వెనక బెంచీ వాళ్లూ, ఒక్కసారి తల మోకాళ్ల దాకా వంచండి. ఇంకా... కళ్లలో బరువు తెలిసిందా? గుర్రానికీ అంతే. గుండె కంటే తల కిందికి వెళితే అంకె పెరుగుతుంది. పైగా మనం వేళ్లతో కనుగుడ్డు మీద నొక్కుతాం, అదీ కలుస్తుంది. రెప్పని ఎముక అంచు మీదే పట్టుకోండి.

గుర్రం పైరెప్ప బలం మామూలుది కాదు. కుస్తీ పట్టొద్దు. కంటి వెనక చెంప ఎముక కమాను మీద వేలు జరిపితే రెప్పని మూయించే నరం తీగలా తగులుతుంది. అక్కడ చర్మం కింద కాస్త తిమ్మిరి మందు లిగ్నోకైన్ ఇస్తే రెప్ప వాలిపోతుంది. అప్పుడు మీకూ టెన్షన్ ఉండదు, దానికీ ఉండదు. మత్తుకి జైలజీన్ ఇస్తే ఇంకో చిక్కు. మందు ఒత్తిడిని తగ్గిస్తుంది, మత్తుకి వాలిన తలేమో పెంచుతుంది. ఆ అంకె దేనిదని చెబుతారు? అందుకే గడ్డం కింద స్టూలో, మనిషి భుజమో పెట్టి తల ఎత్తండి. ఇచ్చిన మందూ రాసుకోండి.

ఇదిగో, ఆనాటి కేసు కాగితం. మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్త. ఎడమ కన్ను 38 అని ఉంది. తల ఎంత ఎత్తులో ఉందో, ఎవరు ఎలా పట్టుకున్నారో ఒక్క ముక్క లేదు. కుడి కన్ను ఎదురుగా ఏముందో చూశారా? ఖాళీ. దాన్ని కొలవనే లేదు. ముందు వరస నుంచి అందించుకుంటూ చూడండి. చూశాక నాకు తిరిగి ఇచ్చేయండి.