పెట్రోలు కారులో కొత్త చప్పుడు వినిపిస్తే ముందు ఏం పరీక్షించాలి

నమస్కారం. పోయిన వేసవిలో మా కారులో ఒక హోరు మొదలైంది. కడప నుంచి రాయచోటి వైపు వెళ్తున్నప్పుడు, గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటగానే, ఎక్కడో దూరంగా పిండిమర ఆడుతున్నట్టు సన్నగా మొదలై, వేగంతోపాటు పెరుగుతూ, 80 దగ్గరికి వచ్చేసరికి పక్కన కూర్చున్నవారి మాట కూడా సరిగా వినపడనంతగా ముదిరేది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ఐదు నిమిషాలు నడిపి చూసి, గేర్ బాక్స్ బేరింగులు పోయాయని చెప్పి, గేర్ బాక్స్ దించారు. మూడు రోజుల తర్వాత 18,000 రూపాయలు కట్టి కారు తెచ్చుకుని బైపాస్ ఎక్కితే, అదే హోరు, అదే వేగం దగ్గర. చివరికి తేలిందేమిటంటే, పోయింది కుడివైపు ముందు చక్రం బేరింగు. దాన్ని ఒక్క పూటలో మార్చేశారు.

ఆ వర్క్‌షాపువారు మోసం చేశారని నేను అనుకోవడం లేదు. వారు చప్పుడు ఎలా ఉందో విన్నారు గాని, అది ఎప్పుడు వస్తోందో, ఏం చేస్తే ఆగుతోందో పరీక్షించలేదు. బేరింగు చక్రంలో అరిగినా, గేర్ బాక్స్‌లో అరిగినా, డైనమోలో అరిగినా చెవికి ఇంచుమించు ఒకే మోత వినిపిస్తుంది. వాటిని వేరు చేసేది ఆ మోత దేనితో పెరుగుతోంది, దేనితో తగ్గుతోంది అన్న సంగతే. అందుకే ఈ వీడియో అంతా స్పానరు పట్టుకోకముందు చేయవలసిన పరీక్షల గురించే.

మొదటి ప్రశ్న ఇది: చప్పుడు ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతోందా, చక్రం వేగాన్ని బట్టి మారుతోందా? బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, దారిలో చప్పుడు వచ్చినప్పుడు ఉన్న ఆర్.పి.ఎం. (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) వరకు ఆక్సిలరేటర్ తొక్కి చూడండి. నిలబడి ఉన్న బండిలోనూ అదే చప్పుడు వస్తే అది ఇంజిన్‌ది గాని, ఇంజిన్ తిప్పే బెల్టులు, కప్పీలది గాని; క్లచ్ తొక్కగానే మారితే మాత్రం క్లచ్, గేర్ బాక్స్ వైపుది, దాని సంగతి తర్వాత చెప్తాను. నిలబడినప్పుడు రాకపోతే, వెనుక బండ్లేమీ లేని తిన్నని, చదునైన రోడ్డు మీద 70 వేగంలో క్లచ్ తొక్కి, న్యూట్రల్‌కు తెచ్చి, బండిని దాని ఊపున పోనివ్వండి. ఇంజిన్ ఐడిల్‌కు (ఆక్సిలరేటర్ తొక్కనప్పుడు ఉండే మెల్లని వేగానికి) పడిపోయినా హోరు ఏమాత్రం తగ్గకుండా కొనసాగితే, వెతకవలసింది చక్రాల దగ్గర, టైర్ల దగ్గర. ఇక్కడ ఒక మెలిక ఉంది. గేర్ బాక్స్‌లో చక్రాల వైపు ఉండే షాఫ్టు, ఆ తిప్పుడును రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్ న్యూట్రల్‌లో కూడా చక్రాలతోపాటు తిరుగుతూనే ఉంటాయి. అయితే అప్పుడు వాటి పళ్ల మీద బరువు ఉండదు కాబట్టి, లోపం వాటిలో ఉంటే మోత స్పష్టంగా తగ్గుతుంది లేదా స్వరం మారుతుంది. మా కారులో ఆ మోత రవ్వంత కూడా మారలేదు. ఆ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే గేర్ బాక్స్ దించే అవసరమే ఉండేది కాదు.

ఈ పరీక్షలో తాళం తిప్పి ఇంజిన్ ఆపవద్దు. బ్రేకు పెడల్‌కు సాయపడే బూస్టరు ఇంజిన్ వ్యాక్యూమ్ మీద పనిచేస్తుంది కాబట్టి, ఇంజిన్ ఆగితే ఒకటి రెండు సార్లు తొక్కిన తర్వాత బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఘాటు రోడ్డు దిగుతున్నప్పుడు న్యూట్రల్ పరీక్ష అసలే చేయకూడదు.

చక్రాల దగ్గరే అని తేలిన తర్వాత టైరా, బేరింగా అన్నది తేల్చుకోవాలి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే మోత స్వరం మారితే టైరును అనుమానించాలి. టైరు అంచు వెంబడి చెయ్యి పెట్టి రాస్తే, రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా తగులుతుంది. ముందు టైర్లను వెనక్కి, వెనక టైర్లను ముందుకు మార్చినప్పుడు మోత కూడా చోటు మారితే ఇక సందేహం అక్కరలేదు. బేరింగు అయితే రోడ్డుతో సంబంధం లేకుండా మోగుతుంది, మలుపులో మాత్రం మారుతుంది. ఎడమకు తిరుగుతున్నప్పుడు బండి బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది కాబట్టి, అప్పుడు మోత పెరిగితే చాలావరకు కుడి బేరింగే. నిర్ధారణకు జాకీ మీద చక్రాన్ని లేపి, ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచండి. బేరింగు గరుకుదనం ఆ స్ప్రింగు గుండా వేళ్లకు తెలుస్తుంది. చెవికి అందనిది కూడా చేతికి అందుతుంది.

న్యూట్రల్‌లో నిలబెట్టిన బండిలోనే సన్నని గరగర వస్తూ, క్లచ్ తొక్కగానే ఆగిపోతే, అది గేర్ బాక్స్‌లో ఇంజిన్ వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. దీనికి విరుద్ధంగా, క్లచ్ తొక్కినప్పుడే మోత పుట్టి, వదలగానే పోతే అది క్లచ్ రిలీజ్ బేరింగు. మూడో గేరులో మాత్రమే కూత వచ్చి తక్కిన గేర్లలో రాకపోతే, ఆ గేరు పళ్లను చూడాలి. గేర్ బాక్స్ దించే ముందు దానిలో ఆయిల్ ఎంత ఉందో చూడమని అడగండి. ఆయిల్ సీలు కారి మట్టం పడిపోయిన గేర్ బాక్స్ కూడా ఇలాగే కూస్తుంది.

ఇక ఇంజిన్ సంగతి. ఇక్కడ చెవికి లెక్క తోడు కావాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది. ఐడిల్ 800 ఉందనుకుంటే, ఒక్క వాల్వు దగ్గర టాపెట్ (కామ్‌కు, వాల్వుకు మధ్య ఉండే ముక్క) సందు పెరిగినప్పుడు వచ్చే టిక్కు నిమిషానికి 400 సార్లు వస్తుంది. కింద, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు వదులైతే వచ్చే దెబ్బ సాధారణంగా క్రాంక్ వేగంతోనే వస్తుంది. కాబట్టి ఇంజిన్ నడక కంటే సగం తీరికగా, పై భాగం నుంచి, కుట్టుమిషను సూదిలా తేలికగా వినిపించేది టాపెట్. కింది భాగం నుంచి, దిమ్మె మీద సుత్తితో కొట్టినట్టు బరువుగా, ఆక్సిలరేటర్ తొక్కితే ఇంకా గట్టిగా వినిపించేది రాడ్ దెబ్బ. మొదటిది సందు సరిచేస్తే పోతుంది. రెండోది ఇంజిన్ విప్పకుండా పోదు.

అనుమానం తీరకపోతే ఇంకొక పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, ఒక సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కనెక్టరు పీకి, మళ్లీ స్టార్ట్ చేసి కొన్ని క్షణాలు వినాలి. ఆ సిలిండరులో పేలుడు ఆగితే దాని రాడ్ మీద బరువు తగ్గుతుంది, దెబ్బ మెత్తబడుతుంది. టాపెట్ టిక్కుకు దీనితో పనిలేదు, అది అలాగే కొట్టుకుంటూ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఇగ్నిషన్ కాయిల్ మాత్రం పీకవద్దు. షాకు ప్రమాదం ఒకటి, కాలని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేయడం మరొకటి.

ఉదయం చల్లటి ఇంజిన్‌లో మాత్రమే వచ్చి పోయే చప్పుళ్లు విడిగా చెప్పవలసినవి. మా వీధి చివర షెడ్డులో పనిచేసే పెద్దాయన ఇలాంటి కారును మధ్యాహ్నం తెస్తే ముట్టుకోడు. "బండి రాత్రికి ఈడనే ఇడిసిపో నాయనా, తెల్లారి సల్లటి ఇంజిన్ మీద నేనే స్టార్ట్ చేసి ఇంటా" అంటాడు. ఆయన మాట అక్షరాలా నిజం. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు ఈడ్చినట్టు గరగరలాడితే, అది క్రాంకును, కామ్‌ను కలిపే టైమింగ్ చైన్. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది గనుక, ఆయిల్ అక్కడికి చేరేవరకు చైన్ వదులుగా ఉంటుంది. ఆ గరగర రోజురోజుకు ఎక్కువసేపు నిలుస్తుంటే ఆలస్యం చేయవద్దు. చైన్ పళ్లు దాటితే, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మందమైన కొట్టుడు ఐదు పది నిమిషాల్లో తగ్గిపోతే పిస్టన్ కావచ్చు. అల్యూమినియం పిస్టన్ వేడెక్కి వ్యాకోచించి సిలిండరులో సరిగ్గా కూర్చుంటుంది. టిక్కు టిక్కుమని ఉండి వేడెక్కగానే పోయేదాన్ని టాపెట్ అనుకుని అనవసరంగా సందులు సరిచేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. అది చాలాసార్లు, పొగ గొట్టం ఇంజిన్‌కు కలిసేచోట ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర పొగ లీకు. అక్కడ నల్లటి మసి గీత కనిపిస్తుంది.

బెల్టు కీచుమంటే బెల్టు మీద కొంచెం నీళ్లు చల్లండి. చప్పుడు కాసేపు ఆగిపోతే కప్పీలు ఒక వరుసలో లేవని, పెరిగితే బెల్టు వదులైందని అర్థం. పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించి డైనమో, ఏసీ కంప్రెసరు, కప్పీల దగ్గర ఒక్కొక్కటిగా వింటే మోత ఎక్కడిదో తెలుస్తుంది. తువ్వాలు, చున్నీ లాంటివి ముందే తీసేయండి. రేడియేటరు ఫ్యాను ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో చెప్పలేము.

ఇప్పుడు మీరు వింటున్నది రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటులో రికార్డు చేసినది. ఏసీ వేసి, నలుగురు కూర్చుని, నాలుగో గేరులో 40 వేగంతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు, రేకు డబ్బాలో కందులు పోసి ఊపినట్టు వినిపిస్తోంది కదా, దీన్నే నాకింగ్ అంటారు. స్పార్కు నుంచి మొదలైన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే అంటుకోవడం దీనికి మూలం. మూడో గేరుకు దించగానే ఆగిపోయింది, గమనించండి. మా జిల్లాల ఎండలో ఇది ఎక్కువ. ఎర్రమట్టి దుమ్ము, పురుగులు పట్టి రేడియేటరు రెక్కలు మూసుకుపోతే ఇంకా ఎక్కువ. ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే ఈ చప్పుడు అని చాలామంది నమ్ముతున్నారు గాని, ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది, నాకింగ్‌ను అడ్డుకుంటుంది. గేరు దించినా చప్పుడు ఆగకపోతే సిలిండరులో పేరుకున్న కార్బన్, నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సరు, కూలింగ్ వ్యవస్థ, ఈ మూడింటినీ చూపించుకోండి.

స్టీరింగు పూర్తిగా తిప్పి, ఖాళీ స్థలంలో మెల్లగా ఆక్సిలరేటర్ ఇస్తే కటకటమని వస్తే, అది ముందు యాక్సిల్ బయటి జాయింటు. దాన్ని కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంటుంది. బూటు చిరిగిన వెంటనే మార్చుకుంటే వందలతో పోతుంది, దుమ్ము చేరి జాయింటు అరిగితే వేలు. మారుతి ఈకో వంటి వెనక చక్రాలు లాగే బండ్లలో, ముందుకు వెనక్కి గేరు మార్చినప్పుడు కింద ఠంగుమంటే వెనక చక్రాలకు తిప్పుడు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ జాయింటు చూడాలి.

వీటిలో ఎక్కువ చప్పుళ్లతో ఇంటిదాకా మెల్లగా రావచ్చు. కింది నుంచి బరువైన దెబ్బ వస్తూ, ఎర్రటి ఆయిల్ దీపం కూడా వెలిగితే మాత్రం అప్పటికప్పుడే పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయాలి. రాడ్ బేరింగుకు, క్రాంకుకు మధ్య మిల్లీమీటరులో వందో వంతులు కొన్ని మాత్రమే ఉండే సందులో ఆయిల్ పొరే ఆధారం. అది లేకుండా నడిపిన ప్రతి నిమిషం క్రాంకును కోస్తుంది. ఆయిల్ గేజి తీసి మట్టం చూడండి. ఆయిల్ పోసి దీపం ఆరినా, దెబ్బ ఆగకపోతే మళ్లీ నడపవద్దు. టోయింగ్ బండి దొరకక తాడుతోనే లాగించవలసి వస్తే, న్యూట్రల్‌లో ఉంచి మెల్లగా లాగించండి. బ్రేకు గట్టిపడుతుందని, చాలా కార్లలో స్టీరింగు కూడా బరువెక్కుతుందని లోపల కూర్చున్నవారికి ముందే చెప్పండి. తాళం ఆన్‌లోనే ఉండాలి. బయటికి తీస్తే మలుపు దగ్గర స్టీరింగు లాకైపోతుంది.