స్క్రీన్ మూలన టెర్రర్ అలర్ట్ రంగు: అమెరికా జనం దాన్ని చూడడం ఎందుకు మానేశారు?

నమస్కారం అండీ. 2011కి ముందు అమెరికాలో విమానం ఎక్కినవాళ్లకి ఈ మాట గుర్తుండే ఉంటుంది: "థ్రెట్ లెవెల్ ఆరెంజ్", అంటే టెర్రర్ దాడి ముప్పు ఇప్పుడు నారింజ స్థాయిలో ఉందని. సెక్యూరిటీ లైన్లో నిలబడి బూట్లు విప్పుతుంటే మైకులో పదే పదే వినిపించేది. అదే రంగుని కంప్యూటర్ స్క్రీన్ మూలన, టైమ్ పక్కన చిన్న ఐకాన్‌లా చూపించే ప్రోగ్రాములు కూడా ఉండేవి. అవి ఎలా పనిచేసేవి, జనం ఎలా తీసుకున్నారు, వాటి బదులు ఇప్పుడు ఏం పెట్టుకోవాలి, ఇదీ ఈ వీడియో.

2002 మార్చి 12న, అప్పట్లో వైట్‌హౌస్‌లో దేశ అంతర్గత భద్రత చూసే టామ్ రిడ్జ్ ఈ రంగుల పద్ధతిని ప్రకటించారు. ముప్పు తక్కువ నుంచి ఎక్కువకి: ఆకుపచ్చ అంటే లో, నీలం గార్డెడ్, పసుపు ఎలివేటెడ్, నారింజ హై, ఎరుపు సివియర్. మొదలుపెట్టిన రోజే పసుపు. ఆ పద్ధతి నడిచిన తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా పసుపు కిందికి దిగలేదు. ఐదు రంగుల్లో రెండింటిని జనం ఎన్నడూ చూడలేదన్నమాట.

అమెరికా అంతర్గత భద్రత శాఖ, అంటే హోమ్‌లాండ్ సెక్యూరిటీ, వెబ్‌సైట్‌లో ప్రోగ్రాములు చదువుకోవడానికి ఒక చిన్న ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ ఉండేది. అందులో ఉండే విషయం ఒకే ఒక్క మాట: ఎలివేటెడ్ అనో, హై అనో. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ కొంతసేపటికి ఒకసారి ఆ ఫైల్ తెచ్చుకుని, మాటకి తగిన రంగు ఐకాన్‌కి పూసేది. కాస్త ప్రోగ్రామింగ్ వచ్చిన ఎవరైనా ఒక్కపూటలో రాసేయగలిగేంత తేలిక. అందుకే విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో టైమ్ పక్కన ట్రే ఐకాన్లుగా, తర్వాత మ్యాక్ డ్యాష్‌బోర్డ్‌లో, విస్టా సైడ్‌బార్‌లో గాడ్జెట్లుగా ఇలాంటివి వచ్చాయి.

మొదట్లో జనం నిజంగానే భయపడ్డారు. 2003 ఫిబ్రవరి 7న నారింజకి పెంచారు. మూడు రోజులకి, ఇంట్లో మూడు రోజులకి సరిపడా నీళ్లు, తిండి, కిటికీలు మూయడానికి ప్లాస్టిక్ షీట్లు, డక్ట్ టేప్ పెట్టుకోమని సలహా వచ్చింది. వాషింగ్టన్ చుట్టుపక్కల షాపుల్లో డక్ట్ టేప్ దొరకలేదు. ముప్పు ఎక్కడ, ఎవరికి, ఎన్నాళ్లు అన్నది ఎవరూ చెప్పకుండా రంగు ఒక్కటే మారిస్తే మనిషి ఇంకేం చేస్తాడు? చేతికి దొరికింది కొనుక్కుని వస్తాడు. ఫిబ్రవరి 27న మళ్లీ పసుపు. మార్చి 17న ఇరాక్ యుద్ధం ముందు మళ్లీ నారింజ. మేలో ఇంకోసారి, డిసెంబర్ 21న ఇంకోసారి. ఒకే ఏడాదిలో నాలుగుసార్లు! పోలీసులకి ఓవర్‌టైమ్ జీతాలు ఎక్కడి నుంచి తేవాలని నగరాలు మొత్తుకున్నాయి. ఇళ్లలో జనం మాత్రం తలెత్తి చూడడం మానేశారు.

అనుమానాలు కూడా పెరిగాయి. 2004 ఎన్నికల ముందు లెవెల్ పెంచాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు ఇది భద్రత కోసమా, రాజకీయం కోసమా అని తనకే సందేహం కలిగిందని రిడ్జ్ తర్వాత పుస్తకంలో రాసుకున్నారు. అప్పుడు లెవెల్ పెంచలేదు. కానీ ఆ మాట బయటికొచ్చాక రంగు మీద నమ్మకం ఎలా మిగులుతుంది?

మా దృష్టిలో సాఫ్ట్‌వేర్ అసలు లోపం ఇది: దేశం మొత్తానికీ ఒక్క రంగే. 2004 ఆగస్టు 1న న్యూయార్క్, ఉత్తర న్యూజెర్సీ, వాషింగ్టన్‌లలో ఫైనాన్స్ సంస్థలకి మాత్రమే నారింజ ప్రకటించారు. మిగతా దేశం పసుపే. న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి నెవార్క్‌కి రైలెక్కి వెళ్లే మన కన్సల్టెంట్‌కీ, డాలస్‌లో కూర్చున్న ఆయన తమ్ముడికీ స్క్రీన్ మీద ఒకటే పసుపు చుక్క.

ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు పేల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడిన 2006 ఆగస్టు 10 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. బ్రిటన్ నుంచి అమెరికా వచ్చే విమానాలకి ఎరుపు, మిగతా విమానాలన్నిటికీ నారింజ, దేశానికి పసుపు. ఆ రోజు హీత్రూలో ల్యాప్‌టాప్ కూడా చేతి సామానులో వెళ్లనివ్వలేదు. పాస్‌పోర్టు, పర్సు లాంటివి పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని ఎక్కాలి. అమెరికాలో ద్రవాలు నిషేధించారు. సెప్టెంబర్ చివర్లో చిన్న సీసాలకి అనుమతి ఇచ్చారు. హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా వస్తున్న అమ్మానాన్నలకి కావాల్సిన సమాచారం ఇది: ఆవకాయ చేతి బ్యాగ్‌లో పెట్టొద్దు, మందుల చీటీ దగ్గరుంచుకోండి. ఆ ఐకాన్‌లో దీనికి చోటే లేదు.

ఇంకో పొరపాటు ప్రోగ్రాములు రాసేవాళ్లది. నెట్ పోయినా, ఫైల్ అడ్రస్ మారినా పాత రంగునే చూపిస్తూ ఉండిపోతే అది ఆగిపోయిన గోడ గడియారమే. డీఫాల్ట్ ఆకుపచ్చ అని రాసిపెడితే ఇంకా ప్రమాదం. డేటా రానప్పుడు ఐకాన్ బూడిదరంగులోకి మారాలి, చివరిసారి ఎప్పుడు తెచ్చిందో టైమ్ చూపించాలి, రంగు పక్కన అక్షరాల్లో లెవెల్ ఉండాలి. రంగులు సరిగా గుర్తుపట్టలేనివాళ్లు చాలామంది ఉంటారు కదా.

2011 ఏప్రిల్‌లో రంగులు తీసేసి ఎన్‌టాస్ (నేషనల్ టెర్రరిజం అడ్వైజరీ సిస్టమ్) అనే కొత్త హెచ్చరిక పద్ధతి తెచ్చారు. ఇందులో ఎప్పుడూ వెలుగుతూ ఉండే లెవెల్ ఉండదు. నమ్మదగిన ముప్పు ఉంటే ఎలివేటెడ్ అలర్ట్, నిర్దిష్టంగా, అతి దగ్గర్లో ఉంటే ఇమ్మినెంట్ అలర్ట్. ప్రతిదానికీ గడువు తేదీ ఉంటుంది. ఆ స్థాయికి చేరని విషయాలు చెప్పడానికి 2015 డిసెంబర్‌లో బులెటిన్లు చేర్చారు. బులెటిన్ తెరవగానే ముందు గడువు తేదీ చూడండి, తర్వాత మీరు ఏం చేయాలో చెప్పే భాగానికి వెళ్లండి.

పాత గాడ్జెట్లు ఇంకా ఎక్కడైనా ఉంటే తీసేయండి. విండోస్ సైడ్‌బార్ గాడ్జెట్లు భద్రత లేనివని, ఆపేయమని 2012 జులైలో మైక్రోసాఫ్టే చెప్పింది. మళ్లీ గాడ్జెట్లు తెప్పిస్తామనే ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి.

యూకేలో ఉన్నవాళ్లకి లెవెల్ ఇప్పటికీ ఉంది. 2006 ఆగస్టు నుంచి బహిరంగంగా ప్రకటిస్తున్నారు: లో, మోడరేట్, సబ్‌స్టాన్షియల్, సివియర్, క్రిటికల్. బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎమ్ఐ5 సైట్‌లోని ఫీడ్‌ని మామూలు ఆర్ఎస్ఎస్ రీడర్‌లో (సైట్లలో కొత్తగా వచ్చినవి తెచ్చి చూపించే యాప్) పెట్టుకుంటే చాలు, వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. అరగంటకోసారి చూసేలా పెట్టండి. మాంచెస్టర్ దాడి తర్వాత 2017 మే 23న క్రిటికల్‌కి పెంచి 27న దించారు. సాధారణంగా అయితే నెలల తరబడి మారదు.

అమెరికాలో కంప్యూటర్ కన్నా ఫోన్ ముఖ్యం. ఐఫోన్‌లో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిచి అట్టడుగుకి వెళ్తే గవర్నమెంట్ అలర్ట్స్ ఉంటాయి. ఎమర్జెన్సీ, పబ్లిక్ సేఫ్టీ రెండూ ఆన్‌లో ఉంచండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ సెర్చ్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని టైప్ చేయండి. కంపెనీని బట్టి మెనూ మారుతుంది. ఇవి దగ్గర్లోని టవర్ నుంచి వస్తాయి కాబట్టి మీ ప్రాంతానికి సంబంధించినవే వస్తాయి. వాటితోపాటు మీ కౌంటీ అలర్ట్ సర్వీస్‌లో ఇంటి అడ్రస్‌తో పాటు ఆఫీస్ అడ్రస్, పిల్లల స్కూల్ అడ్రస్ కూడా నమోదు చేయండి.

అమ్మానాన్నలు ఇండియా ఫోన్‌తో వస్తే అందులో ఈ అలర్టులు రాకపోవచ్చు. ఇక్కడి సిమ్ వేసినా ఒక్కో మోడల్‌లో సెట్టింగే కనిపించదు. మీరు ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో వాళ్లిద్దరే ఉంటారు కాబట్టి, ఇక్కడ కొన్న పాత ఫోన్ ఒకటి ఛార్జింగ్‌లో పెట్టి వాళ్లకి అందేలా ఉంచండి. అలర్టులు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో వస్తాయి. ఆ పెద్ద శబ్దం వస్తే స్క్రీన్ ఫోటో తీసి వెంటనే మీకు పంపమని, మీరు తిరిగి ఫోన్ చేసేదాకా బయటికి వెళ్లొద్దని, ఇల్లు ఖాళీ చేయమని అలర్ట్ వచ్చి మీరు దొరక్కపోతే పక్కింటివాళ్ల తలుపు కొట్టమని ముందే చెప్పి ఉంచండి.