హెడ్‌ఫోన్స్ సౌండ్ అద్భుతం, కానీ నాన్న చెంచా చప్పుడు వినపడలేదు | నెల రోజులు వాడాక రివ్యూ

నమస్తే అందరికీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ హెడ్‌ఫోన్స్ నేను కొనలేదు, కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు, మీకంటే ముందు వాళ్ళు ఈ వీడియో చూడరు కూడా. మోడల్ పేరు స్క్రీన్ మీద కనిపిస్తోంది కదా. బరువెంత, బ్యాటరీ ఎన్ని గంటలు, ఏ కోడెక్‌లున్నాయి, ఇవన్నీ మీరు ఈపాటికి నాలుగైదు వీడియోల్లో చూసే ఉంటారు, నేను మళ్ళీ చదవను. నెల రోజులు వాడాను. ఆ నెల మా ఇంట్లో మామూలు నెల కాదు, అందుకే ఈ రివ్యూ కాస్త వేరుగా ఉంటుంది, పొడుగ్గా కూడా ఉంటుంది.

మొదట్నుంచీ ఛానల్ చూస్తున్నవాళ్ళకి మా గ్రూప్ సంగతి తెలుసు. ఎనిమిది మందిమి. ఒకే బ్యాండ్ అంటే అందరికీ ప్రాణం, ఆ ఒక్క కారణంతో కలిశాం, ఆరేళ్ళయింది. బ్యాండ్ పేరు ఈ వీడియోలో చెప్పను, చెప్తే కామెంట్లన్నీ వాళ్ళు గొప్పా కాదా అన్న గొడవకే పోతాయి. వాళ్ళ నుంచి ఐదేళ్ళుగా ఆల్బమ్ లేదు. ఐదేళ్ళు ఒక లెక్కా అనేవాళ్ళుంటారు. నిజమే, టూల్ అనే బ్యాండ్ అభిమానులు 2006 నుంచి 2019 దాకా 13 ఏళ్ళు ఆగారు, మై బ్లడీ వాలెంటైన్ అభిమానులైతే 1991 తర్వాత మళ్ళీ 2013లోనే కొత్త ఆల్బమ్ విన్నారు, 22 ఏళ్ళు! అయినా ఎదురుచూసేవాళ్ళకి తమ ఐదేళ్ళే ఎక్కువ. ఈ ఐదేళ్ళలో మాలో ఒకమ్మాయి అమ్మానాన్నలు విడిపోయారు. ఒకతను ఇంటి విషయంలో గొడవపడి వాళ్ళ అన్నయ్యతో మాటలు మానేశాడు. మా అందరికంటే పెద్దావిడ ఉన్నారు, అక్కా అని పిలుస్తాం, వాళ్ళమ్మగారికి మతిమరుపు జబ్బు ముదిరి కన్న కూతుర్నే గుర్తుపట్టడం లేదు. కొత్త పాట ఎప్పుడొస్తుందో అని మొదలైన కబుర్లు చాలాసార్లు "రాత్రి అమ్మ కాస్త పడుకుందా అక్కా" దగ్గరికి వచ్చేవి.

సరే, ఆల్బమ్ తేదీ ప్రకటించారు. 11 పాటలు, 47 నిమిషాలు, చివరి పాట ఒక్కటే 9 నిమిషాలు. ఆ ఒక్క అంకె మీద మేం రెండు రోజులు మాట్లాడుకున్నాం. అదే వారం మా నాన్నకి పక్షవాతం వచ్చింది.

మెదడులో ఎడమవైపు దెబ్బతింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మాట పోయింది. మనం అనేదంతా ఆయనకి అర్థమవుతుంది, కానీ చెప్పాలనుకున్న మాట నోటిదాకా రాదు. దీన్ని అఫేసియా అంటారు. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక రాత్రిళ్ళు ఆయన పక్క గదిలో నేనే ఉంటున్నాను. నోటితో పిలవలేరు కాబట్టి ఎడమ చేత్తో చెంచా పట్టుకుని మంచం కమ్మీకి రెండుసార్లు కొడతారు, టక్ టక్ అని. అది నాకు వినపడాలి. ఈ హెడ్‌ఫోన్స్ సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటికొచ్చాయి, ఇక నాకు మిగిలిన పరీక్ష ఆ ఒక్కటే.

అందరూ నాయిస్ క్యాన్సిలింగ్ గురించే అడుగుతారు. బాగుంది, చాలా బాగుంది. ఫ్యాన్ హోరు, ఇంజిన్ మోత లాంటి ఒకే తీరుగా సాగే శబ్దాన్ని బయటి మైకులు విని, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని చెవిలోకి పంపి చల్లారుస్తాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాల మీద బాగా పనిచేస్తుంది, మనుషుల మాటల మీద తక్కువ. ఇందులోనూ అంతే. కానీ నాకు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం, ట్రాన్స్‌పరెన్సీ మోడ్. అంటే అవే మైకులు బయటి శబ్దాన్ని ఆపడానికి బదులు చెవికి అందిస్తాయి. ఈ మోడ్ మీద కంపెనీవాళ్ళు పెట్టిన శ్రద్ధ చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. చవక వాటిలో ఈ మోడ్ ఆన్ చేస్తే ఏదో డబ్బాలో తల పెట్టినట్టుంటుంది, పక్కన కాగితం తిప్పినా చెవిలో గీకినట్టుంటుంది. ఇందులో అలా లేదు. పాట నడుస్తుండగానే నాన్న దుప్పటి సర్దుకునే చప్పుడు, అమ్మ వంటింట్లో నడిచే చప్పుడు, ఏ దిక్కు నుంచి వస్తోందో కూడా తెలిసేది. పైగా దీనికి నిజమైన బటన్ ఉంది! ఎడమ కప్పు వెనక, వేలితో తడిమితే తెలిసేట్టు చిన్న గీత ఉంటుంది. చీకట్లో ఒక్క నొక్కు, అంతే. రెండేళ్ళ కిందట నేను వాడిన జతలో అంతా టచ్, తల దిండుకి ఆనితే పాట మారిపోయేది.

వాటికంటే ముందు నా దగ్గర ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఉండేవి. కప్పుల వెనక జల్లెడలాగా తెరిచి ఉంటుంది, ఏ మైకూ లేకుండానే ఇల్లంతా వినపడుతుంది. నేను నాలుగేళ్ళు వాటితోనే బతికాను, ఇప్పటికీ సౌండ్ పరంగా నాకవే ఇష్టం. కానీ లోపలి పాట బయటికి కూడా అలాగే వినిపిస్తుంది. తలుపు తీసి ఉన్న పక్క గదిలో నిద్ర పట్టక అవస్థ పడుతున్న మనిషి ఉన్నప్పుడు అవి పెట్టుకోలేం. అందుకే ఇవి వచ్చిన మొదటి వారం నా ఆనందం అంతా ఇంతా కాదు. గ్రూప్‌లో ఎన్నిసార్లు పొగిడానో అక్కనడగండి, చెప్తారు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తే ఈ హెడ్‌ఫోన్స్‌కి మీరు ఏ మోడ్‌లో ఉన్నారో గుర్తుండదు. ప్రతిసారీ నాయిస్ క్యాన్సిలింగ్‌తోనే మొదలవుతాయి. యాప్‌లో దీనికి సెట్టింగ్ లేదు, మూడుసార్లు వెతికాను.

రెండో వారంలో ఒక రాత్రి ఛార్జింగ్ పెట్టి, రెండింటికి తీసి పెట్టుకున్నాను. నిద్రమత్తులో బటన్ నొక్కడం మర్చిపోయాను. పాత ఆల్బమ్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు, అమ్మ వచ్చి భుజం పట్టుకుని కుదిపింది. వెళ్ళి చూస్తే చెంచా నేల మీద పడి ఉంది. నాన్న పక్కకి తిరగాలనుకున్నారు, సొంతంగా తిరగలేరు. కొట్టి కొట్టి చెయ్యి అలిసి జారిపోయింది. ఆయన కోప్పడలేదు, నా చెయ్యి మీద రెండుసార్లు తట్టి కళ్ళు మూసుకున్నారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని గ్రూప్‌లో రాశాను. ఏం రాశానో ఇప్పుడు చదవలేను.

అక్క ఉండేచోట అప్పుడు పగలు. వెంటనే ఫోన్ చేశారు. "మా అమ్మ బాత్రూంలో పడిపోయిన రోజు నేనూ చెవుల్లో పాటలు పెట్టుకునే ఉన్నాను రా, నీకెప్పుడూ చెప్పలేదు" అన్నారు. ఓదార్చడం అయ్యాక పని చెప్పారు. మంచం దగ్గర నొక్కే బటన్, మన జేబులో వైబ్రేట్ అయ్యే చిన్న పేజర్, మనిషిని చూసుకునేవాళ్ళ కోసమే అమ్ముతారట. రెండు రోజుల్లో తెప్పించాను. ఇంట్లో మంచాన ఉన్నవాళ్ళుంటే, మీరు హెడ్‌ఫోన్స్ వాడినా వాడకపోయినా, అది కొనండి. నాన్నకి మాత్రం ఇప్పటికీ చెంచానే అలవాటు, బటన్ చేతిలో పెట్టినా చెంచా కోసమే తడుముకుంటారు.

కంపెనీకి మెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చారు, భవిష్యత్తులో అప్‌డేట్‌లో పరిశీలిస్తామన్నారు, తేదీ ఇవ్వలేదు. చివరిసారి ఉన్న మోడ్ గుర్తుపెట్టుకోవడానికి కొత్త చిప్ అక్కర్లేదు కదండీ.

సౌండ్ గురించి అసలు చెప్పలేదు కదా. గొంతులు. ఈ ధరలో గొంతుని ఇంత దగ్గరగా, ఇంత వెచ్చగా వినిపించేవి నేను వినలేదు. బేస్ ఇష్టపడేవాళ్ళకి కాస్త తక్కువనిపిస్తుంది, నాకు అనిపించలేదు. దీనికీ నాన్నకీ సంబంధం ఉంది. అమ్మానాన్నలు విడిపోయారని చెప్పాను కదా, ఆ అమ్మాయి స్పీచ్ థెరపీ చదువుతోంది. తనే చెప్పింది, మాట పోయినవాళ్ళలో కొందరు మాట్లాడలేని మాటల్ని పాడగలరట. పాడటంలో మెదడు కుడివైపుకి కూడా పెద్ద పాత్ర ఉంటుంది కాబట్టి అలా జరుగుతుందని అనుకుంటారట. దాని ఆధారంగా మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అని 1973 నుంచే ఉంది, మాటని రాగంలా సాగదీసి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ నేర్పిస్తారు. సొంత వైద్యం చెయ్యొద్దు, థెరపిస్ట్‌ని అడగమంది. అడిగాను, ఆవిడ తెలిసిన పాటలు వినిపించమన్నారు. ఈ హెడ్‌ఫోన్స్ నాన్న తలకి పెట్టి, ట్రాన్స్‌పరెన్సీ ఆన్ చేసి, ఆయన వయసులో ఉన్నప్పుడు పాడుకున్న పాట ఒకటి పెట్టాను. నాలుగో రోజు పల్లవి రెండో పాదం పాడారు. మాటలు పూర్తిగా, స్పష్టంగా! నీళ్ళు అనలేని మనిషి ఏడు మాటల పాదం పాడారు. అమ్మ తలుపు దగ్గరే కూలబడిపోయింది. దాని రికార్డింగ్ మీకు పెట్టను, గ్రూప్‌కి మాత్రం పంపాను.

ఇక రిలీజ్ రాత్రి. 2015 జులై 10 నుంచి దాదాపు ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌లకి శుక్రవారమే, అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం ఉండేది. రోజు ఒకటే అయినా ఎవరి అర్ధరాత్రి వాళ్ళది, కాబట్టి మాలో కొందరికి నాకంటే గంటల ముందే వచ్చేస్తుంది. మా నియమం ఒకటే, చివరివాళ్ళు వినేదాకా ఎవరూ పాటల గురించి మాట్లాడకూడదు. ఆ రాత్రి నాన్నకి జ్వరం. నా కోసం ఆగొద్దు, వినేయండి అని మెసేజ్ పెట్టి ఫోన్ పక్కన పడేశాను. ఆదివారం తెల్లారి చూస్తే నలుగురు ఇంకా వినలేదు. ఇద్దరు వినేసి నోరు మెదపలేదు. అన్నయ్యతో మాట్లాడనతను బస్సులో ఆగలేక విన్నానని క్షమాపణలు చెప్తూ పేజీడు రాశాడు. ఐదేళ్ళు ఆగినవాళ్ళు నా కోసం ఇంకో రెండు రోజులు ఆగారు. ఆ సంగతి చెప్పకుండా నేను ఈ రివ్యూ చెయ్యలేను.

ఆదివారం రాత్రి కాల్‌లో కలిసి విన్నాం. ఇక్కడ మీలాంటి గ్రూప్‌లకి పనికొచ్చే విషయం. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మైక్ కాల్‌లో ఆన్ అయిన క్షణం పాట సౌండ్ ఫోన్ మాటలాగా మారిపోతుంది. బ్లూటూత్‌కి పాటలకి ఒక దారి, కాల్స్‌కి ఇంకో దారి ఉంటాయి, కాల్ దారిలో సాధారణంగా ఒకే ఛానల్, 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, అందులో సంగీతం చచ్చిపోతుంది. రెండు పరికరాలకి ఒకేసారి కలిపే మల్టీపాయింట్ ఉంది కదా అంటారు, ఉంది, కానీ రెండు శబ్దాల్నీ కలిపి వినిపించదు, కాల్ రాగానే పాట ఆగుతుంది. నేను డబ్బాలో వచ్చిన వైరు గుచ్చి, ల్యాప్‌టాప్ మైక్ వాడాను. పాట పూర్తి నాణ్యతతో వచ్చింది, మాటలూ వినపడ్డాయి. మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి అందరం ఒకేసారి నొక్కాం. పాటల మధ్య క్రాస్‌ఫేడ్, అంటే ఒక పాట చివర్ని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్, ఆఫ్ చేసుకోండి, అది మర్చిపోతే ఆరో పాట ఏడో పాటలోకి జారే చోటు పాడైపోతుంది.

తొమ్మిదో పాటలో టక్ టక్ వినపడింది. ట్రాన్స్‌పరెన్సీ బటన్ నొక్కి ఉంది, వినపడింది. వెళ్ళి నీళ్ళు తాగించి వచ్చేసరికి అందరూ పాట ఆపేసి కూర్చున్నారు. మళ్ళీ తొమ్మిదో పాట మొదట్నుంచి పెట్టాం. అంతా అయ్యాక అన్నయ్యతో మాట్లాడనతను, మా అన్నయ్యకి ఈ ఆల్బమ్ లింక్ పంపనా వద్దా అని అడిగాడు, చిన్నప్పుడు ఈ బ్యాండ్‌ని పరిచయం చేసింది ఆ అన్నయ్యేనట. అరగంట వాదించుకున్నాం. పంపాడు. చూసినట్టు చూపిస్తోంది, జవాబు ఇంకా రాలేదు.

ఫైనల్‌గా కొనాలా వద్దా? సౌండ్ కోసం, ఆ బటన్ కోసం నా మనసు కొనమంటోంది. కానీ ఇంట్లో మిమ్మల్ని పిలవాల్సిన మనిషి ఉంటే, పెద్దవాళ్ళైనా పసిపిల్లలైనా, ఆ మోడ్ గుర్తుపెట్టుకునే అప్‌డేట్ వచ్చేదాకా కొనొద్దు. నా మాట ఇదే, మిగతా ఫీచర్లన్నీ కలిపినా మారదు. బ్యాటరీ అయిపోతోందని పాట మధ్యలో గట్టిగా అరిచే గొంతు కూడా ఉంది, దాన్ని తగ్గించే వీలు కూడా పెట్టమని కంపెనీకి రాశాను.

అప్‌డేట్ వస్తే మొదటి కామెంట్‌గా పిన్ చేస్తాను. ఈ శనివారం ఆల్బమ్ మళ్ళీ వింటున్నాం, ఈసారి వాళ్ళమ్మగారి పక్కన కూర్చుని వింటానని అక్క అన్నారు, కాబట్టి టైము ఆవిడ చెప్పినప్పుడు. వైరు తీసి పక్కన పెట్టుకున్నాను.