సింహం బొమ్మ పలికిన అక్షరం

శ్రోతలకు నమస్కారం.

ఈజిప్టు గుడి గోడల మీద గద్దలు, పాములు, కళ్లు, చేతులు బారులు తీరి ఉన్న ఫొటోలు మీరు చూసే ఉంటారు. హైరోగ్లిఫిక్ లిపి అంటే అదే. ఎటు నుంచి చదవాలో తెలుసుకోవడం తేలికే. పక్షులు ఎటు చూస్తుంటే అటు నుంచి మొదలుపెట్టాలి. అవి ఏం చెబుతున్నాయన్నదే చిక్కు. ఫిలే గుడిలో క్రీ.శ. 394లో చెక్కిన శాసనమే, తెలిసినంతలో, ఈ లిపిలో ఆఖరిది. ఆ తర్వాత చదవగలిగినవాళ్లే లేకుండా పోయారు. ఒక్కో బొమ్మలో ఏదో గూఢార్థం ఉందని పండితులు శతాబ్దాల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు.

1799లో రషీద్ ఊరి దగ్గర ఫ్రెంచి సైనికులు పాత కోటను బాగు చేస్తుంటే ఒక రాయి దొరికింది. రొసెట్టా రాయి. టాలెమీ రాజును కీర్తిస్తూ పూజారులు చేసిన తీర్మానం దాని మీద మూడు లిపుల్లో ఉంది. ఒకటి హైరోగ్లిఫిక్. మూడోది గ్రీకు, అది చదవొచ్చు.

రాజుల పేర్ల చుట్టూ గుండ్రటి గీత గీసేవారు. ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ ఆ గీతలోపలి పేరులో కొన్ని శబ్దాలు పట్టుకున్నాడు. ఫ్రాన్సులో షాంపోలియన్ ఇంకా ముందుకు వెళ్లాడు. టాలెమీ పేరులో నాలుగో బొమ్మ పడుకున్న సింహం. మరో శాసనంలో క్లియోపాత్రా పేరులో అదే సింహం రెండో చోట ఉంది. 'క్లి'లో కె తర్వాత వచ్చేది ఎల్ కదా! అంటే సింహం 'ల' అన్నమాట. ఎంత ముచ్చటైన లెక్కో చూడండి.

ఇవి గ్రీకు పేర్లు. మరి అసలు ఈజిప్టు రాజుల సంగతి? 1822 సెప్టెంబరులో షాంపోలియన్ అబూ సింబెల్ గుడి నుంచి వచ్చిన ఒక నకలు చూశాడు. ముందు సూర్యబింబం, చివర రెండు 'స'లు. ఈజిప్టు క్రైస్తవుల ప్రార్థనల్లో మిగిలిన కోప్టిక్ భాష అతనికి బాగా వచ్చు. అందులో సూర్యుణ్ని 'రే' అంటారు. మధ్య గుర్తు 'మ్‌స్'. కలిపితే రామ్‌సెస్! పరుగున అన్న దగ్గరికి వెళ్లి "దొరికింది!" అని అరిచి, స్పృహ తప్పి పడిపోయాడని చెబుతారు.

1828లో ఈజిప్టు వెళ్లి ఆ గోడలను కళ్లారా చదివాడు. 1832లో, 41 ఏళ్లకే, చనిపోయాడు. అతను రాసిన ఈజిప్టు వ్యాకరణాన్ని తర్వాత అన్నే అచ్చు వేయించాడు.