క్రూ సీటు మీద చివరి మాట కెప్టెన్‌దే
(తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు తలుపు పక్కన గోడకు మడిచిపెట్టిన చిన్న సీటు చూసే ఉంటారు. అదే జంప్ సీటు. దాని విషయంలో చివరి మాట కెప్టెన్‌దా, మేనేజ్‌మెంట్‌దా అన్నదే ఈరోజు నా ప్రసంగం. లేవగానే దానంతటదే మడుచుకుంటుంది, జనం పరిగెత్తే దారికి అడ్డం రాకూడదు కదా. టేకాఫ్‌కు ముందు క్యాబిన్ క్రూ అమ్మాయి అందులో కూర్చుని, రెండు భుజాల మీదుగా బెల్టు బిగించుకుని కాసేపు ఎవరితోనూ మాట్లాడదు. హ్యాండిల్ ఎటు తిప్పాలి, బయట మంటలుంటే జనాన్ని ఏ తలుపుకు మళ్లించాలి అని మనసులోనే నెమరేసుకుంటుంది. సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని చూపిస్తేనే పెద్ద విమానానికి సర్టిఫికెట్ వస్తుంది. ఆ 90 సెకన్లు మొదలయ్యేది ఆ సీట్లోంచే.

అందుకే ఆ సీటు బెల్టు పాడైతే అది చిన్న రిపేరు కాదు. ఏయే షరతులతో బయల్దేరవచ్చో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకం సరే అన్నా, ఆ రోజు పరిస్థితి చూసి కాదనే హక్కు కెప్టెన్‌కు ఉంది. విమానం తన చేతిలో ఉన్నంతసేపు చివరి నిర్ణయం కెప్టెన్‌దేనని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనలే చెబుతాయి. తిరుమల ఘాట్‌లో మంచు కమ్మితే బస్సు ఆపాలా వద్దా అని డిపో మేనేజర్‌ను అడగం, డ్రైవర్‌నే నమ్ముతాం.

2018 అక్టోబర్ 28న బాలి నుంచి జకార్తా వెళ్తున్న లయన్ ఎయిర్ కంపెనీ బోయింగ్ 737 మ్యాక్స్ విమానం ముక్కు పదేపదే కిందికి దిగింది. పైలట్లుండే కాక్‌పిట్‌లోనూ ఒక జంప్ సీటు ఉంటుంది, ఆ రోజు అందులో డ్యూటీలో లేని మూడో పైలట్ ఉన్నాడు. ముగ్గురూ కలిసి ఆలోచించారు, ముక్కును కిందికి దింపుతున్న ట్రిమ్ మోటారుకు కరెంటు కట్ చేశారు, విమానం క్షేమంగా దిగింది. మర్నాడు అదే విమానం వేరే పైలట్లతో సముద్రంలో కూలి 189 మంది పోయారు. ఆ సీటు గురించి నేనింత పట్టుదలగా మాట్లాడేది ఇందుకే.

కెప్టెన్ అధికారానికీ హద్దుంది, అది ఉండి తీరాలి. 2023 ఫిబ్రవరిలో దుబాయ్-ఢిల్లీ విమానంలో స్నేహితురాలిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టిన పైలట్ లైసెన్సును మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మూడు నెలలు సస్పెండ్ చేసింది, ఎయిరిండియాకు 30 లక్షలు జరిమానా వేసింది. నూటికి నూరుపాళ్లు న్యాయం. ఆ అధికారం ఇచ్చింది ప్రయాణికుల ప్రాణాల కోసం, సొంత సరదా కోసం కాదు.

మరి మేనేజ్‌మెంట్ పనేంటి? 2017 ఏప్రిల్‌లో చికాగోలో ఏం జరిగిందో చూడండి. మర్నాడు లూయిస్‌విల్‌లో డ్యూటీ ఎక్కాల్సిన నలుగురు క్రూకి సీట్లు కావాలని, అప్పటికే కూర్చున్న నలుగురిని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది దిగమన్నారు. దిగనన్న ఒక పెద్దాయన్ని సెక్యూరిటీ వాళ్లు నేల మీద ఈడ్చుకెళ్లారు. పళ్లు రెండు ఊడాయి. ఆ తర్వాతే, క్రూ సీట్లు గంట ముందే బుక్ చేసుకోవాలని కంపెనీ రూల్ పెట్టింది. ఆఫీసులో తేలాల్సిన పనిని విమానం తలుపు దాకా తెస్తే ఇలాగే ఉంటుంది. రోస్టర్ అంటే ఎవరికి ఏ డ్యూటీ అన్న పట్టిక, అవసరానికి సిద్ధంగా ఉంచే స్టాండ్‌బై క్రూ, టికెట్లు అన్నీ మేనేజ్‌మెంట్‌వే. వాటిలో కెప్టెన్ వేలు పెట్టనక్కర్లేదు.

మీలో కొందరు రేపు ఏదో ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ కంట్రోల్ గదిలో కూర్చుంటారు. లేట్ అవుతోందని పైనుంచి టెన్షన్ పెడతారు. అప్పుడు కెప్టెన్ ఫోన్లో ‘ఇలా అయితే నేను తీసుకెళ్లను’ అంటే, రెండోసారి ఒత్తిడి చేయకండి. కారణం రాసుకుని, ఇంకో క్రూనో ఇంకో విమానాన్నో వెతికిపెట్టండి. ఆ మాట అన్నందుకు ఆయనకు షోకాజ్ నోటీసు తయారు చేయమంటే, దాని మీద సంతకం పెట్టకండి.