ఎండంతా వెనకే: వర్మీర్ గీసిన డెల్ఫ్ట్

మీరు చూస్తున్నది డచ్ చిత్రకారుడు యోహానెస్ వర్మీర్ నెదర్లాండ్స్‌లోని తన సొంతూరు డెల్ఫ్ట్‌ని నీటికి ఇవతలి ఒడ్డు నుంచి గీసిన బొమ్మ. 1660-61 ప్రాంతంలో వేశాడు. ఎండ ఎక్కడ పడిందో ముందు గమనించండి. మనకు దగ్గరగా ఉన్న ఊరి గోడ, రెండు నగర ద్వారాలు, మధ్యలో వంతెన... అన్నీ మబ్బు నీడలోనే ఉన్నాయి. వాటి వెనక, ఊరి లోపల మాత్రం ఇళ్ల కప్పులు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. న్యూవే కెర్క్ చర్చి గోపురమైతే ఎండలో వెలిగిపోతోంది. ఎదురుగా ఉన్నదాన్ని మసక చేసి, మన చూపుని గోడ దాటించి ఊళ్లోకి తీసుకెళ్తున్నాడు. ఈ బొమ్మ చూస్తుంటే మనసుకి కలిగే నెమ్మదికి మూలం అదేనని నా గట్టి నమ్మకం.

ఆ గోపురంలో గంటలుండే చోటు ఖాళీగా ఉంది, చూశారా? ఆ రోజుల్లోనే అక్కడ కొత్త గంటలు బిగిస్తున్నారు. బొమ్మ కాలం తేల్చడానికి పరిశోధకులకు దొరికిన ఆధారాల్లో అదొకటి.

ఇక పైకి చూడండి. సగానికి పైగా ఆకాశమే. అంచున నల్లమబ్బు, దాని కింద తెల్లమబ్బు. వాన ఇప్పుడే వెలిసిందా, ఇంకా కురవబోతోందా? ఆ ఊగిసలాట నాకెంతో ఇష్టం.

ఇప్పుడు కుడివైపు జూమ్ చేస్తున్నా. మరమ్మతు కోసం కట్టేసిన హెరింగ్ చేపల పడవలివి. వాటి చెక్క మీద చిన్న చిన్న లేత రంగు చుక్కలున్నాయి, నీటి తళుకుల్లా. నిజానికి పడవలు నీడలో ఉన్నాయి. ఎండ తగలని చెక్క అలా మెరవదు. అయినా పెట్టాడు, ఎందుకంటే అవి లేకపోతే ఆ మూల చచ్చుబడిపోతుంది. కంటికి కనిపించిందంతా ఉన్నదున్నట్టు దించేశాడనేవాళ్లకి నేను చూపించేది ఈ చుక్కలనే.

నీళ్లలోనూ అంతే. కుడివైపు ద్వారానికున్న జంట బురుజుల ప్రతిబింబాన్ని మొదట వేసినదానికంటే కిందికి, మన వైపుకి సాగదీశాడని ఎక్స్‌రేల్లో తేలింది. ఎడమవైపు ఇసుక ఒడ్డున ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు కదా, వాళ్లకి కాస్త కుడిపక్కన ఒక మగమనిషిని కూడా గీసి, తర్వాత రంగు పూసి చెరిపేశాడు. మంచి పని చేశాడు. ఆ మనిషి అక్కడుంటే మన చూపు ఒడ్డు మీదే ఆగిపోయేది, నీళ్లు దాటేది కాదు.

బొమ్మ ఇప్పుడు హేగ్‌లోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అటు వెళ్లేవాళ్లు ఎడమవైపు ఎర్ర పెంకుల కప్పు దగ్గర నిలబడి, కాస్త పక్కనుంచి చూడండి. రంగు అక్కడ గరుగ్గా, పలుకులు పలుకులుగా ఉంటుంది. ఫొటోలో అది సరిగ్గా తెలియదు.